తెలియక చేసినా నేరమేనా? (మా అత్తగారి చిలక సంగతి)

పెరటిజామ:
అందరికీ నమస్కారం. నేనిక్కడ ఎప్పుడూ మొక్కల గురించే రాస్తాను. ఇవాళ వేరే సంగతి. మనసు బాగోలేదు, కాస్త ఓపిగ్గా చదవండి.

మా అత్తగారి దగ్గర తొమ్మిదేళ్ళుగా ఒక రామచిలక ఉంది. కొన్నది కాదు, పట్టి తెచ్చిందీ కాదు. గాలివానకి పెరట్లో మోడు కొబ్బరిచెట్టు పడిపోతే తొర్రలోంచి జారిన పిల్ల. అప్పటికి ఈకలు కూడా రాలేదు. నానబెట్టిన శనగపప్పు మెత్తగా నూరి వేలితో నోట్లో పెట్టి బతికించారావిడ. పెద్దయ్యాక పంజరం తలుపు తీసిపెట్టినా పోలేదు. పొద్దున్నే "అమ్మా, కాఫీ" అని అరిచేది. మామయ్యగారు పోయాక ఆవిడకి తోడు అదే.

పోయిన నెల పక్కింటి పిల్లాడు దాని మాటల్ని రీల్ చేసి పెట్టాడు. చాలామంది చూశారు. పది రోజులకి అటవీ శాఖ నుంచి ఇద్దరు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, అది చెప్పాలి. చిలకని ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమన్నారు. అత్తగారు బిత్తరపోయి "నాకు తెలియదు నాయనా" అన్నారు. వాళ్ళలో పెద్దాయన "చట్టం తెలియదంటే కుదరదమ్మా" అని, కాగితం మీద సంతకం పెట్టించుకుని, పంజరంతో సహా తీసుకెళ్ళారు. ఫైనో కేసో తర్వాత చెబుతామన్నారు.

ఆవిడ చదివింది ఐదో తరగతి. ఆ చట్టం చేసింది 1972లో, అదీ ఢిల్లీలో. ఆవిడకి ఎవరు చెప్పాలి? చిలకని తిరిగి ఇచ్చేయమని అడగడం లేదు. "తెలియదంటే కుదరదు" అన్నారు చూడండి, ఆ ఒక్క మాటే మింగుడు పడటం లేదు.

కొసరుమాట:
అయ్యో. మా వీధిలోనే మూడు పంజరాలున్నాయండి. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ గబగబా వెళ్ళి మా చిలకకి తలుపు తీసేసింది. అదేమో ఎగిరి కిటికీ మీద కూర్చుని మమ్మల్నే తిడుతోంది.

రూలుకర్ర:
బాధ అర్థమైంది కానీ ఆఫీసరు అన్నదాంట్లో తప్పేముంది? "తెలియదు" అన్న మాటకి విలువ ఇస్తే రేపటి నుంచి ఈ దేశంలో ఎవరికీ ఏ చట్టమూ తెలియదు. హెల్మెట్ రూలు తెలియదు, రాంగ్ రూట్ తెలియదు, కట్నం నేరమని తెలియదు. పోలీసు ఎలా నిరూపిస్తాడు, మీకు తెలుసని? బుర్ర తెరిచి చూస్తాడా? ఇంకోటి. తెలుసుకున్నవాడికి శిక్ష, తెలుసుకోనివాడికి మినహాయింపు అంటే ఇక ఎవడైనా తెలుసుకుంటాడా? బద్ధకస్తుడికి బహుమతి ఇచ్చినట్టే.

పెరటిజామ:
రూలుకర్ర గారూ, మా అత్తగారిని బద్ధకస్తురాలు అన్న మొదటివారు మీరే. ఆవిడ నాలుగింటికి లేస్తారు.

రూలుకర్ర:
మీ అత్తగారిని అనలేదమ్మా, మాట వరసకి అన్నాను. క్షమించండి. వాదన మాత్రం అదే.

మునసబుకోర్టు:
పెరటిజామ గారూ, ముందు మీకు పనికొచ్చేది చెబుతాను. ఇలాంటి చిన్న నేరాల్లో డబ్బు కట్టించుకుని కేసు అక్కడితో ముగించే వీలు ఆ చట్టంలోనే 54వ సెక్షన్‌లో ఉంది. వేటాడి అమ్ముకునేవాడికీ, గూట్లోంచి పడ్డ పిల్లని సాకిన ముసలావిడకీ తేడా వాళ్ళకీ తెలుసు. టెన్షన్ పడకండి.

ఏ ప్రాణికి ఎంత రక్షణో ఆ చట్టం జాబితాలుగా రాసింది, వాటినే షెడ్యూళ్ళు అంటారు. రామచిలక మొదట్లో నాలుగో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణతో రెండో షెడ్యూలుకి మారింది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంకో సంగతి: అడవి పక్షి పిల్ల దొరికితే 48 గంటల్లోపు పోలీసులకో అటవీ శాఖకో చెప్పాలని 39వ సెక్షన్ అంటుంది. పాతికేళ్ళుగా నల్లకోటు వేస్తున్నాను. నేను ఆ సెక్షన్ చదివింది ఒక కేసు నా దగ్గరికి వచ్చాకే. అదీ మన "అందరికీ తెలిసిన" చట్టం సంగతి.

ఇక మీ ప్రశ్న. చట్టం చూసేది ఏమిటంటే, తెలియనిది విషయమా, చట్టమా అని. విషయం తెలియకపోతే చాలాచోట్ల కాపాడుతుంది. పాత ఐపీసీలో 76, 79 సెక్షన్లు, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 14, 17. రెండింట్లోనూ, విషయంలో పొరపడితే సరే కానీ చట్టంలో పొరపడితే కాదు అని పనిగట్టుకుని రాశారు.

మా కాలేజీలో ఈ తేడా చెప్పడానికి మాస్టారు ఒక ఒడిశా కేసు చెప్పేవారు. 1950ల చివర్లో జరిగింది. బాలాసోర్ జిల్లాలో పాడుబడిన విమానాశ్రయం, అక్కడి పాత ఇనుము కొనడానికి ఒక వ్యాపారి వచ్చాడు, వెంట ఒక నేపాలీ పనివాడు. అక్కడ దయ్యాలు తిరుగుతాయని ఊరంతా ప్రచారం. అర్ధరాత్రి దూరంగా దీపం మిణుకుమంటుంటే, దయ్యాలని నమ్మి పనివాడు కత్తి తీసుకుని దూకాడు. తీరా చూస్తే లాంతరు పట్టుకుని ఇప్పపూలు ఏరుకుంటున్న గిరిజన ఆడవాళ్ళు. ఒకామె చనిపోయింది, మరికొందరికి గాయాలు. ఒడిశా హైకోర్టు అతన్ని నిర్దోషిగానే వదిలింది. ఎదుట ఉన్నది మనుషులని అతనికి తెలియదు, నిజంగానే దయ్యమనుకున్నాడు. అదే మనిషి "మనుషులని తెలుసు, చంపకూడదని తెలియదు" అనుంటే?

మీ అత్తగారు దాన్ని ఏదో విదేశీ లవ్‌బర్డ్ అనుకుని పెంచి ఉంటే నాకు వాదించడానికి కాస్త చోటుండేది. ఆవిడ రామచిలకని రామచిలక అని తెలిసే పెంచారు.

కొసరుమాట:
అంటే ఒక ప్రాణం పోయినా దయ్యమనుకుంటే నిర్దోషి, చిలకకి జామకాయ పెడితే దోషి. బాగుంది సార్.

మునసబుకోర్టు:
వెటకారమే అయినా మీరు పట్టుకున్నది అసలు చిక్కునే. ఇంట్లో జరిగే ఉదాహరణ చెబుతాను. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 199ఏ వచ్చింది. మైనరు పిల్లాడు బండి నడిపితే తండ్రికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. తండ్రి తప్పించుకునే దారి కూడా అందులోనే ఉంది: నాకు తెలియకుండా జరిగిందనో, తీసుకోవలసిన జాగ్రత్తంతా తీసుకున్నాననో రుజువు చేయాలి. "నేను నిద్రపోతుంటే తాళాలు కొట్టేశాడు" అంటే వింటారు. "పదహారేళ్ళవాడికి బండి ఇవ్వకూడదని నాకు తెలియదు" అంటే వినరు. రెండూ తెలియకపోవడమే కదా, ఒకటి పనికొస్తుంది, రెండోది రాదు.

కోరుట్లబస్టాండ్:
అన్నలూ, మా దిక్కు ఈ ముచ్చట చిలకతో ఆగదు. నేను పదకొండేళ్ళు దుబాయిలో ఉండి వచ్చిన. మా దగ్గర గల్ఫ్ పోయేవాళ్ళ సూట్‌కేస్ సర్దేది అమ్మలు. సకినాలు, తొక్కు, కారంపొడి, వాటితో పాటు గసగసాలు. కూరలో వేసుకునే గసగసాలే. యూఏఈలో, సౌదీలో అవి నిషేధం. నల్లమందు మొక్క గింజలు కదా, అక్కడి చట్టం వాటిని మత్తుమందు లెక్కలో చూస్తుంది. మన దగ్గర కిరాణా దుకాణంలో దొరుకుతాయి. 1985 నాటి మన మాదకద్రవ్యాల చట్టం కూడా గింజల్ని పక్కకి పెట్టింది. తల్లికి ఎట్ల తెలుస్తది, ఆ పొట్లం కొడుకుని జైలుకి పంపుతుందని?

నేను మొదటిసారి పోయేటప్పుడు మా అమ్మ పావుకిలో కట్టింది. విమానాశ్రయంలో లైన్ల నిలబడ్డప్పుడు పక్కన ఉన్న పెద్దమనిషి "సూట్‌కేసుల ఏమేం ఉన్నయి తమ్మీ" అని అడిగి, విని, నా చెయ్యి పట్టుకుని పక్కకి గుంజిండు. అక్కడే చెత్తడబ్బాలో పారేసిన. ఆయన ఎవరో ఇప్పటికీ తెలియదు. ఏ ఆఫీసూ చెప్పని చట్టం ఆయన చెప్పిండు.

మందు గోలీలు కూడా అంతే. ఇక్కడ డాక్టరు చీటీ మీద ఇచ్చే ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గుమందు అక్కడ ముందస్తు అనుమతి లేకుండా తీసుకపోతే కేసే. ఇప్పుడు వకీలు సాబ్‌ని అడుగుతున్న. పక్కింటాయన "మా అన్నకి ఇయ్యి" అని పొట్లం ఇస్తే, లోపల ఏమున్నదో నాకు తెలియదు. అది విషయం తెలియకపోవడం. మా అమ్మ కట్టిన పొట్లంల గసగసాలు ఉన్నయని తెలుసు, నిషేధమని తెలియదు. అది చట్టం తెలియకపోవడం. ఇందులో ఎక్కువ అమాయకుడు ఎవడు?

మునసబుకోర్టు:
మల్లెపువ్వులాంటి ప్రశ్న వేశావు తమ్ముడూ. పుస్తకం ప్రకారం ఎవరేమిచ్చినా గుడ్డిగా పుచ్చుకున్నవాడికి రక్షణ దొరకవచ్చు, తల్లి వంట సామాను మోసినవాడికి దొరకకపోవచ్చు. మామూలు మనిషి తీర్పు దీనికి తలకిందులుగా ఉంటుంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

రూలుకర్ర:
పరాయి దేశం వెళ్ళేవాడు అక్కడి రూల్స్ కనుక్కుని వెళ్ళాలి. ఫోన్‌లో రెండు నిమిషాల పని.

కోరుట్లబస్టాండ్:
అన్నా, ఏది వెతకాలో తెలిస్తే రెండు నిమిషాల పనే. "గసగసాలు నేరమా" అని వెతకాలని ఎవరికి తోస్తది? మీరు ఎన్నడన్నా "జీలకర్ర నేరమా" అని వెతికిన్రా?

అట్లాంటానుంచి:
కోరుట్ల అన్నా, సూపర్. మా ఊళ్ళో గసగసాలు దొరుకుతాయి కానీ మాకు వేరే బాధ ఉంది. తెలియకపోవడానికి చట్టమే ఒక రేటు కట్టిన చోటు ఇది, అందుకే రాస్తున్నా.

అమెరికాలో ఉండేవాళ్ళకి బయటి దేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని ఒక ఫారం వేయాలి. పన్ను కట్టడం వేరు, ఇది ఊరికే చెప్పడం. నేను వచ్చిన ఏడేళ్ళ దాకా ఆ పేరే వినలేదు. మా నాన్నగారు గుంటూరులో ఎఫ్‌డీలన్నిటికీ నా పేరు జాయింటుగా పెట్టారు, రేపు నాకు ఇబ్బంది లేకుండా ఉండాలని. డబ్బు ఆయనది, సంతకం నాది. మా పన్నులాయన మాటల్లో మాటగా "ఇండియాలో ఏమైనా ఉన్నాయా" అని అడిగిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడ తెలిసి దాచినవాడికీ తెలియక వేయనివాడికీ చట్టంలోనే రెండు వేరు వేరు జరిమానాలు. తెలిసి దాస్తే లక్ష డాలర్లో, ఖాతాలో సగమో, ఏది ఎక్కువైతే అది. తెలియకపోతే 10,000 దాకా. ఈ అంకెలు ధరల్ని బట్టి పెరుగుతుంటాయి. తెలియకపోయినంత మాత్రాన సున్నా అయిపోదు, గమనించండి. 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చిన బిట్నర్ కేసు దీని మీదే. ఆయన రొమేనియాలో పుట్టి అమెరికా పౌరుడై, మళ్ళీ రొమేనియా వెళ్ళి వ్యాపారం చేశాడు. ఈ ఫారం సంగతి తర్వాతెప్పుడో తెలిసి తనే ముందుకొచ్చి చెప్పాడు. ప్రభుత్వం 272 ఖాతాల లెక్క చూపి, ఖాతాకి 10,000 చొప్పున 27 లక్షల 20 వేల డాలర్లు వేసింది. కోర్టు 5-4తో, ఖాతాకి కాదు ఏడాది ఫారానికి ఒకటి అంది. అయిదేళ్ళకి 50,000 అయింది.

తెలియక వేయనివాళ్ళ కోసం ఇక్కడ ఒక సర్దుబాటు పథకం ఉంది, నేను అందులో వేశాను. కావాలని చేయలేదని కథ మొత్తం సొంత మాటల్లో రాసి సంతకం పెట్టాలి. "మా నాన్న నా మీద ప్రేమతో పేరు పెట్టారు" అని అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చాను. రాస్తుంటే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

పెరటిజామ:
చూశారా, అక్కడ కనీసం "ఎందుకు తెలియలేదో రాసివ్వు" అని అడిగారు. మా అత్తగారిని అదీ అడగలేదు.

రూలుకర్ర:
అట్లాంటా గారి కథ నా వైపే ఉంది. తెలియకపోయినా కట్టారు కదా?

అట్లాంటానుంచి:
కట్టాను. కానీ దొంగ కట్టేంత కట్టలేదు. నేననేది ఆ తేడా గురించే.

పాతతాసిల్దారు:
ఈ చర్చలో నేను ఆ ఆఫీసరు వైపు మాట్లాడాలి, నేనూ ముప్పై ఏళ్ళు ఆ మాటే అన్నాను కాబట్టి.

ఎసైన్డ్ భూముల సంగతి మీకు తెలిసే ఉంటుంది. కోస్తాలో డీ పట్టా, సీమలో డీకేటీ, తెలంగాణలో లావుణి పట్టా. భూమిలేని పేదకి సర్కారు ఇచ్చిన భూమిని నా రోజుల్లో అమ్మడానికీ కొనడానికీ వీల్లేదు. 1977లో చట్టం వచ్చింది, 9/77 అంటాం. నా దగ్గరికి తెల్లకాగితం పట్టుకుని వచ్చేవాళ్ళు. కూతురి పెళ్ళికి దాచిన డబ్బు పెట్టి అరెకరం కొన్నవాడు, "అమ్మినాయన పట్టా పాసుపుస్తకం చూపించాడయ్యా, అమ్మకూడని పట్టా కూడా ఉంటుందని నాకేం తెలుసు" అనేవాడు. "తెలియదంటే కుదరదు" అని నోటీసు మీద సంతకం చేసేవాణ్ణి. వెంటనే ఇంకో మనిషి వచ్చేవాడు, కారు దిగి. అతనికి అన్నీ తెలుసు. బినామీలూ వకీళ్ళూ ఉన్నారు. అతనూ "తెలియదు" అనే అనేవాడు. ఈ రెండో మనిషి వల్లే మొదటి మనిషి మాట మేం నమ్మలేం. రూలుకర్ర గారు చెప్పిన మాటలో అంతవరకు నిజముంది.

కానీ ఆ చట్టంలోనే ఒక చిన్న ఉపసెక్షన్ ఉంది, 3లో 5. చట్టం రాకముందే, కొన్నవాడు కూడా భూమిలేని పేదే అయి, మోసమేమీ లేకుండా డబ్బిచ్చి కొని ఉంటే అతని జోలికి వెళ్ళొద్దని. అంటే చట్టం రాసినవాళ్ళకి కూడా మంచి మనసుతో పొరపడ్డవాడు కళ్ళ ముందు కనిపించాడన్నమాట. వీలు దొరికిన ప్రతిచోటా నేను దాన్నే వెతికేవాణ్ణి. దొరికిన సందర్భాలు తక్కువ.

ఏజెన్సీలో 1/70 సంగతి మరీ ఘోరం. 1959 నిబంధనకి 1970లో సవరణ వచ్చాక ఆ మండలాల్లో గిరిజనేతరుడు భూమి కొనడానికే లేదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర్నుంచైనా సరే. బయట నుంచి వచ్చి తెలియక ఇల్లు కట్టుకున్నవాళ్ళున్నారు. అయినా అక్కడ నేను మెత్తబడలేదు. తెలియదన్న మాట ఒప్పుకుంటూ పోతే గిరిజనుడికి భూమే మిగలదు.

గట్టుమీద:
తాసిల్దారు గారి ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. ఒకరి తెలియనితనానికి ఖర్చు ఇంకొకరు భరించాల్సి వస్తే సంగతి వేరుగా ఉంటుంది. చిలక విషయంలో ఆ ఇంకొకరు చిలకే కదా. పెరటిజామ గారూ, కోపం తెచ్చుకోకండి.

పెరటిజామ:
కోపం లేదండీ. రాత్రి నాకూ అదే తోచింది. తలుపు తీసినా పోలేదంటే ప్రేమ అనుకున్నాం. ఎగరడం రాకపోయి ఉండొచ్చు.

చుక్కలముగ్గు:
మాది వరంగల్. బడిలో పాఠాలు చెబుతాను. దసరా నాడు పాలపిట్టని చూడటం మాకు ఆచారం, మా రాష్ట్ర పక్షి కూడా అదే. చూడాలంటే పొలాల వైపు వెళ్ళాలి. ఇప్పుడు టౌన్లో పంజరంలో పెట్టుకుని ఇంటింటికీ తెచ్చి చూపించి డబ్బులు తీసుకుంటున్నారు. పట్టడం నేరం. చూసి దండం పెట్టి ఇరవై రూపాయలిచ్చే మా అమ్మకి అది పుణ్యం. ఒక దసరాకి క్లాసులో పిల్లలకి చెప్పాను. సాయంత్రం ఒక పిల్ల వాళ్ళ నానమ్మతో పోట్లాడి పంజరం తెచ్చినవాణ్ణి వాకిట్లోంచి పంపించేసిందట. గెజిట్‌లో వేస్తే తెలియనిది ఏడో తరగతి పిల్లతో చెప్పిస్తే వీధంతా తెలిసింది.

కొసరుమాట:
కోడిపందేలు నేరమని కూడా ఆ పిల్లతో ఒకసారి చెప్పించండి టీచర్ గారూ. సంక్రాంతికి మావాళ్ళందరికీ తెలియకుండా పోతోంది.

రూలుకర్ర:
అదే నేననేది! 1960 జంతుహింస చట్టం, 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, ప్రతి ఏడూ పోలీసుల హెచ్చరిక. అక్కడ ఎవరికి తెలియదు?

గట్టుమీద:
తెలిసినవాడు బరిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, తెలియనావిడ సంతకం పెడుతుంది. బాగా చెప్పారు.

నిర్వాహకులు:
పందేల మీద ఇప్పటికే నాలుగు చర్చలున్నాయి. ఇక్కడ వద్దు.

మునసబుకోర్టు:
రాత్రి ఖాళీ దొరికింది. ఒక కేసు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇందులో ఓడిపోయిన వాదన మన రాజమండ్రి మనిషిది.

1962 నవంబరు 27. మేయర్ హాన్స్ జార్జ్ అనే జర్మన్ జ్యూరిచ్‌లో విమానం ఎక్కాడు, మనీలా వెళ్ళడానికి. ఒంటి మీది జాకెట్‌లో 34 కిలోల బంగారం. మర్నాడు పొద్దున్నే విమానం బొంబాయి శాంతాక్రజ్‌లో ఆగింది. అతను దిగలేదు, తన సీట్లోనే కూర్చున్నాడు. కస్టమ్స్ వాళ్ళు ఎక్కి సోదా చేసి పట్టుకున్నారు. అంతకు ముందు రూలేమిటంటే, బంగారం దేశంలో దింపకుండా దాటిపోతుంటే పేచీ లేదు. రిజర్వు బ్యాంకు నవంబరు 8న కొత్త నోటిఫికేషన్ ఇచ్చింది: దాటిపోయే బంగారమైనా విమానం సరుకు జాబితాలో చూపించాలి. అది గెజిట్‌లో అచ్చయింది నవంబరు 24న. ఇతను ఎక్కింది 27న. జ్యూరిచ్‌లో భారత గెజిట్ ఎవరు చదువుతారు?

అతను ముత్యం లాంటి మనిషేం కాదు, బంగారం దొంగరవాణాలో ఉన్నవాడే. అయినా ప్రశ్న ప్రశ్నే. మేజిస్ట్రేటు ఏడాది వేశాడు. బొంబాయి హైకోర్టు వదిలేసింది. సుప్రీంకోర్టులో ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు, మన దేశంలో మామూలుగా ప్రకటించే పద్ధతిలో ప్రకటించాక అది చాలు, విదేశీయుడికి తెలిసిందా లేదా అక్కర్లేదు, ఈ నేరానికి దుర్బుద్ధి రుజువు చేయనక్కర్లేదు అన్నారు. మూడో ఆయన కోకా సుబ్బారావు గారు. ఆంధ్ర హైకోర్టుకి తొలి ప్రధాన న్యాయమూర్తి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన ఒప్పుకోలేదు. నేరమంటే మనసులో తెలిసి చేయడం ఉండాలి, ఆ అవసరం లేదని చట్టం స్పష్టంగా తీసేస్తే తప్ప ఉన్నట్టే అనుకోవాలి, ఇక్కడ తీసేయలేదు అని వేరుగా తీర్పు రాశారు.

ఇద్దరి మాటే చెల్లింది. కానీ ఆ ఇద్దరూ కూడా శిక్షని అప్పటిదాకా అనుభవించిన రోజులకి తగ్గించారు. తెలియదన్నది గుమ్మం దగ్గర చెల్లలేదు, శిక్ష వేసే చోట మాత్రం కొంచెం విన్నారని నేను చదువుకుంటాను. అత్తగారి చిలకకీ దారి అక్కడే ఉంది.

గట్టుమీద:
సార్, ఒక అనుమానం. "ప్రకటించాక" అన్నారు. అసలు ప్రకటించకపోతే?

మునసబుకోర్టు:
దానికి చక్కటి జవాబుంది. 1951, హర్లా కేసు. జైపూర్ సంస్థానంలో 1923లో నల్లమందు చట్టం అని మంత్రుల మండలి తీర్మానం చేసి ఫైల్లో పెట్టుకుంది. ఎక్కడా అచ్చు వేయలేదు. పాతికేళ్ళ తర్వాత ఒకాయనకి దాని కింద 50 రూపాయల జరిమానా వేశారు. ఆ యాభై రూపాయల కోసం ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. నాకు ఆ మనిషి అంటే చాలా ఇష్టం. జస్టిస్ వివియన్ బోస్ దాన్ని కొట్టేశారు. తెలుసుకునే దారే లేని చట్టంతో మనిషిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమన్నారు. ఇంకో మాట: "ప్రతివాడికీ చట్టం తెలిసినట్టే లెక్క" అంటుంటారు కదా, అలాంటి సూత్రమే లేదని 1978లో జస్టిస్ భగవతి ఒక చక్కెర మిల్లు కేసులో రాశారు. తెలియకపోవడం సాకుగా పనికిరాదు అన్నంత మాత్రాన అందరికీ తెలుసని కాదు.

గట్టుమీద:
మరి మన సంగతి చూడండి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ మొదలైంది. మధ్యలో ఉన్న మూడేళ్ళు "నీకు తెలియాలి కదా" అనే హక్కు ఎవరికి ఉంది? పెట్టినా అవి ఉండేది ఏ భాషలో? రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం చట్టాలకి ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. తెలుగు అనువాదం ఎక్కడైనా దొరికితే చదివి చూడండి, ఇంగ్లీషే నయమనిపిస్తుంది.

పాతతాసిల్దారు:
ఒప్పుకుంటాను. దండోరా ఉన్న రోజుల్లో తలారి డప్పు కొట్టి చెప్పేవాడు. అది అర్థమయ్యే తెలుగు.

రూలుకర్ర:
సరే, నేను ఒక అడుగు వెనక్కి వేస్తాను. ప్రభుత్వం చెప్పే పని చేయకపోతే దానికి శిక్షించే హక్కు లేదు. కానీ చెప్పాక తెలియదంటే నేను ఒప్పుకోను. టీచర్ గారి లాంటి వాళ్ళు చెప్పాక కూడా అంటే అసలు ఒప్పుకోను.

అట్లాంటానుంచి:
అయితే "చెప్పడం" అంటే ఏమిటన్నది మిగిలింది. గెజిట్‌లో వేయడమా, అత్తగారి చెవిన పడటమా? దక్షిణాఫ్రికాలో 1977లో తీర్పు వచ్చిన కేసు ఒకటుంది. ఒకామె విమానాశ్రయంలో డాలర్లతో, నగలతో దొరికింది. డాలర్ల సంగతి తెలియదంటే కోర్టు నమ్మలేదు. సొంత నగలు తీసుకెళ్ళడానికి అనుమతి కావాలని తెలియదంటే నమ్మింది, ఆ నేరం కొట్టేసింది. డి బ్లోమ్ కేసు. అంటే ఏది తెలిసి ఉండాలో, ఏది తెలియకపోవచ్చో మనిషిని చూసి తేల్చవచ్చని అక్కడి పెద్ద కోర్టే అంది. ఆ దేశం ఏమీ కూలిపోలేదు.

రూలుకర్ర:
మన కోర్టుల్లో పెండింగ్ కేసులు చూశారా? ఒక్కొక్కరికీ తెలుసో తెలియదో తేల్చుకుంటూ కూర్చుంటే చిలక మనవళ్ళు కూడా సాక్ష్యానికి రావాలి.

కోరుట్లబస్టాండ్:
అది మాత్రం నిజమే అన్నా.

పెరటిజామ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న అత్తగారిని తీసుకుని రేంజ్ ఆఫీసుకి వెళ్ళాను. చిలకని సాటి చిలకలతో పెద్ద పంజరంలో ఉంచారట, ఎగరడం అలవాటు చేస్తున్నారట. చూడనివ్వలేదు, మనుషుల్ని చూస్తే మళ్ళీ మాట్లాడుతుందని. మునసబుకోర్టు గారు చెప్పినట్టే డబ్బు కట్టి ముగించే వీలుందన్నారు, పైఅధికారి నిర్ణయించాలట.

వాంగ్మూలం రాసుకున్నారు. ఎన్నేళ్ళు, ఎక్కడ దొరికింది, ఏం పెట్టేవారు అన్నీ అడిగారు. చివర్లో ఆయన పెన్ను మూసేస్తుంటే అత్తగారు ఆపారు. "చట్టం సంగతి నాకు తెలియదని కూడా రాయి నాయనా." ఆయన "అది రాసినా పనికిరాదమ్మా" అన్నాడు. "పనికిరాదని ఇప్పుడు తెలిసిందిగా. అయినా రాయి" అన్నారు. రాశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదువుకుని సంతకం చేశారు.

మునసబుకోర్టు:
ఆ కాగితం నకలు తీసుకున్నారా?

పెరటిజామ:
తీసుకోలేదండీ. తీసుకోవచ్చని తెలియదు.

మునసబుకోర్టు:
రేపు పొద్దున్నే వెళ్ళి అడగండి. ఒక్క పేజీ కూడా వదలకుండా.